జోడు పోయిన ఎలుక

ఎల్లారెడ్డిలో తహసీలు కచేరీ వెనక, పేష్కారు లక్ష్మీరాజంగారి ఇంటి వసారాలో కూర్చుని భూదవ్వ పొద్దున్నుంచీ ఒక ఎలుకను బతిమాలుతోంది.

“తినురా, నీ జిమ్మడ! చెరువుకట్ట దాక పోయి, మంచుల కాళ్లు కొంకర్లు పోంగ కోసుకొచ్చిన. గింత గరిక పోస నోట్లె పెట్టుకుంటె నీ సొమ్మేం పోతది?”

ఎలుక మూలకు తిరిగి కూర్చుంది. భూదవ్వ గరిక పోచను దాని ముక్కు దగ్గర ఆడించింది, మూతి మీద రాసింది, పెదవి పక్క నుంచి లోపలికి దూర్చబోయింది. అది తల తిప్పేసుకుంది. ఒంటి మీది బొచ్చంతా రేగి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎటూ చూడడం లేదు.

దాన్ని ఎలుక అనకూడదని ఆ ఇంట్లో కట్టడి. పేష్కారుగారి భార్య రాజమణమ్మ తమ్ముడు సికిందరాబాదులో ఏదో దవాఖానలో కంపౌండరు. పేష్కారు నెలలో సగం రోజులు తహసీల్దారు వెంట దౌరాల మీద ఊళ్లు తిరుగుతూనే ఉంటాడు కనుక, అక్కకు పొద్దుపోవాలని కిందటేడు అతను ఒక జంటను పంపాడు. వీటిని గినీ పందులంటారని పేరు కూడా చెప్పి పంపాడు. పంది అన్న మాట చెవిన పడగానే రాజమణమ్మ స్నానం చేసి వచ్చి, ఆ పేరు గడప లోపల ఎవరూ ఎత్తకూడదనీ, సీమ కుందేళ్లు అనాలనీ చెప్పేసింది. గడప బయట మాత్రం ఊరంతా పేష్కారమ్మ ఎలుకలనే అంటారు. తోక లేదు, మెడ లేదు, ఎటు నుంచి ఎత్తుకోవాలో తెలియని ముద్ద. ఒకదానికి రాజా అనీ, రెండోదానికి రాణి అనీ పేర్లు. ఆలుమగలే అని తమ్ముడు చెప్పాడు గానీ ఏడాది గడిచినా పెట్టెలో పిల్ల ఒక్కటి కనబడలేదు. దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

మొన్న పొద్దున భూదవ్వ పెట్టె మూత తీసేసరికి రాణి కాళ్లు చాపి బిగుసుకుపోయి ఉంది. రాజమణమ్మ ఏడ్చింది. భూదవ్వ చామంతి మడి పక్కన గుంత తీసి పూడ్చింది. అంతటితో ఆ బాధ తీరిందనుకుంటే అసలు బాధ అప్పుడే మొదలైంది. మిగిలిన రాజా తిండి మానేశాడు.

“ఒంటరిదైపోయిందే పాపం! ఒక్క గడియ కూడ ఇడిచిపెట్టకు. ఒళ్లె పెట్టుకో. మనిషి వేడి తగలాలె” అంది రాజమణమ్మ తలుపు దగ్గర నిలబడి. తను మాత్రం ముట్టుకోదు. ఎత్తుకుంటే గోళ్లు గీరుకుంటాయని ఆమె భయం. దూరం నుంచి చూసి ముచ్చటపడడమే ఆమె వంతు, మిగిలినదంతా భూదవ్వ వంతు.

భూదవ్వ పేష్కారు ఇంట్లో జీతానికి ఉన్న మనిషి కాదు. ఆమె మొగుడు సిద్దిరాములు కచేరీలో చప్రాసి. చప్రాసి పెళ్లాం పేష్కారు ఇంట్లో పనిచేయడం ఎవరూ చెప్పకుండానే నడిచిపోయే పద్ధతి. జీతం ఒకరిది, చాకిరి ఇద్దరిదీ. అలుకూ, అంట్లూ, పిండి విసరడమూ అంటే సరే, అవి ఎవరింట్లోనైనా ఉండే పనులు. ఎలుకకు ఓదార్పు చెప్పడం ఏ లెక్కలో పని? తన ఇంట్లో దంచాల్సిన వడ్లు అట్లాగే ఉన్నాయి, పొయ్యి మట్టి పెళ్లలు ఊడింది, మేకకు మేత వేసే దిక్కు లేదు. తను ఇక్కడ ఒళ్లో ఎలుకను పెట్టుకుని కూర్చుంది. తలుచుకుంటే తలుచుకున్నకొద్దీ ఒళ్లు మండిపోతోంది.

సరిగ్గా అట్లా మండిపోతున్నప్పుడే ప్రహరీ బయట కామారెడ్డి మోటరు ఆగింది. యుద్ధం మొదలైన దగ్గర నుంచి పెట్రోలు దొరక్క ఆ మోటరు రోజు విడిచి రోజు వస్తోంది. వచ్చిన రోజే మధ్యాహ్నం తిరిగి వెళ్లిపోతుంది. డ్రైవరు యాకూబు కచేరీ డాకు సంచి ఇచ్చేసి, వసారా వైపు తొంగిచూశాడు.

“భూదవ్వా! నీ బిడ్డ ఖబరు పంపింది.”

“నా బిడ్డనా?” భూదవ్వకు పిల్లలు లేరు.

“అదే, దుర్గవ్వ. దినాలు దగ్గరికొచ్చినయంట. సిన్నవ్వను జెల్ది తోల్కరమ్మన్నది. ఎవల్తోనో చెప్పిపియ్యలే, తానే మోటరు అడ్డకాడికి నడిసొచ్చింది, గంత కడుపేసుకోని. మర్చిపోతవేమో యాకూబన్నా అని రెండుసార్లు చెప్పింది.”

భూదవ్వ ఒళ్లో ఎలుక ఉన్న సంగతి మరిచిపోయి లేచి నిలబడబోయింది. అది జారిపడబోతే కొంగుతో పట్టుకుంది.

*

దుర్గవ్వ సిద్దిరాములు మొదటి పెళ్లాం ఈరవ్వ కూతురు. భూదవ్వ ఆ ఇంటికి వచ్చేనాటికి ఊహ తెలిసిన పిల్ల. ఆ పిల్ల ఏనాడూ ఎదురు చెప్పలేదు, అలగలేదు, ఏదీ అడగలేదు. తింటావా అంటే ఆకలి లేదనేది. జడ వేస్తానంటే నేనే వేసుకుంటాననేది. అమ్మలక్కలందరూ ఎంత బుద్ధిమంతురాలు అనేవారు. ఆ బుద్ధి ఎంత దూరం పెట్టే బుద్ధో భూదవ్వకే తెలుసు. కామారెడ్డిలో అత్తారింటికి పోయే రోజున దర్వాజ పట్టుకుని ఏడ్చింది గానీ పక్కనే నిలబడ్డ భూదవ్వను పట్టుకోలేదు. మొదటి కానుపు తల్లిగారింట్లో జరగాలి. రమ్మని రెండుసార్లు కబురు పెడితే, “ఎందుకు తీయ్, నీకు తకలీబు” అని చెప్పి పంపింది.

అట్లాంటి పిల్ల తనంత తాను రమ్మంది. భూదవ్వ ఆ మాటనే మనసులో తిప్పి తిప్పి చూసుకుంటూ రాజమణమ్మ దగ్గరికి పోయింది.

“అమ్మా, మా దుర్గవ్వకు దినాలు నిండినయంట. ఈ మోటరుకే పోత.”

రాజమణమ్మ మంచిదే. పండుగకు చీర పెడుతుంది, జ్వరమొస్తే మిరియాల కషాయం తానే కాచి ఇస్తుంది. అందుకే ఆమె ఏదైనా అడిగితే కాదనడం కష్టం, తను ఏదైనా అడిగితే ఆమె కాదనడం సులువు.

“పోదువు గాని. నేను వద్దంటున్ననా? మా తమ్మునికి టపాఖాన్ల తారు కొట్టిచ్చిన, ఇంకోదాన్ని పంపమని. అది వచ్చి రాజాకు జోడు కుదిరినంక పో. గిప్పుడు నువ్వు పోతె ఇది సచ్చిపోతది. ఆ పాపం ఎవలకు?”

“కానుపమ్మా. కానుపు మనం చెప్పినట్టు ఆగుతదా?”

“ఆమె అత్త ఉన్నది గదనే ఆడ. దీనికెవలున్నరు?”

భూదవ్వ దగ్గర జవాబు ఉంది గానీ చప్రాసి పెళ్లాం నోట రావలసినది కాదు.

సాయంత్రం సిద్దిరాములు దగ్గర ఆ కోపమంతా కక్కింది. అతను భుజం మీది చప్రాసి పట్టా విప్పి గూట్లో పెట్టి, కాళ్లు కడుక్కుని, ఆమె మాటలు అయిపోయేదాకా తువ్వాలతో కాళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

“ఏమన్న అను మరి!”

“ఏమనాలె? పేష్కారు సాబు మనసు ఇరిగితె నన్ను మద్నూరు చౌకీకి తోల్తడు. గాడ మరాఠోళ్ల నడుమ నేనేం జేత్తు? నాలుగొద్దులు ఓపిక పట్టు. అది తిన్నదనుకో, ఆమెనే పో అంటది.”

దాంతో భూదవ్వ మర్నాటి నుంచి పంతం పట్టి ఎలుకకు తినిపించడం మొదలుపెట్టింది. ప్రేమతో కాదు, వదిలించుకోవడానికి. కొత్తిమీర కట్ట తెచ్చింది. ముల్లంగి ఆకులు తెచ్చింది. దోసకాయను ఒలిచి, గింజలు తీసి, గోరంత ముక్కలు చేసింది. పెట్టెలో తడిసిన గడ్డి తీసి ఎండుగడ్డి పరిచింది, చలిగాలి తగలకుండా గోనెపట్టా కప్పింది. ఒళ్లో పెట్టుకుని చెవుల వెనక వేలితో రాస్తూ, నోటికి వచ్చిన తిట్లన్నీ జోలపాట రాగంలో తిట్టింది.

“తినురా పాడెకట్టా, తినురా దొంగ సచ్చినోడా, నా బిడ్డ నొప్పులు పడుతుంటె నీ బొచ్చు దువ్వుకుంట కూసున్న గదరా...”

రాగం నచ్చిందో, చెయ్యి నచ్చిందో, దోసకాయ నచ్చిందో, మధ్యాహ్నానికి అది ముక్కు ఎగరేసి వాసన చూసింది. ఒక ముక్క కొరికింది. ఆగింది. మళ్లీ కొరికింది. ఆ తర్వాత పళ్ల మధ్య కొత్తిమీర కాడ చివర నుంచి చివర దాకా లోపలికి పోతుంటే భూదవ్వ గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.

“అమ్మా, తింటుందమ్మా! వచ్చి సూడున్రి!”

రాజమణమ్మ వచ్చి చూసింది. రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని మురిసిపోయింది. వంటమనిషిని పిలిచి, “నువ్వు ఒక ముక్క పెట్టు” అంది. వంటమనిషి పెడితే ఎలుక మూలకు తిరిగింది. రాజమణమ్మ ధైర్యం చేసి చీపురుపుల్లకు ముక్క గుచ్చి అందించింది. దానికీ మూలకే తిరిగింది. భూదవ్వ చేయి చాపగానే కుయ్యి కుయ్యిమంటూ ఎదురొచ్చింది.

“చూసినవా? నీ చేతులనే తింటది. ఇగ నిన్నెట్ల పంపాలె చెప్పు!”

భూదవ్వకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తినకపోతే చస్తుందని పోనివ్వలేదు. తింటే తన చేతినే తింటుందని పోనివ్వడం లేదు. ఇంత పీడ జన్మలో చూడలేదు. ఎలుక మాత్రం ఏమీ ఎరగనట్టు ఆమె ఒళ్లోకి పాకి, మెడ దాకా ఎక్కి, అక్కడున్న నల్లదారం కొరకడం మొదలుపెట్టింది.

“ఏయ్! గది ముట్టకు, పండ్లు రాలగొడత!”

ఆ దారానికి వేలిగోరంత వెండి బిళ్ల ఉంది. అది సవతి పుస్తె. మొదటి పెళ్లాం పోయిన మగవాణ్ణి చేసుకున్న ఆడది ఆ పోయినామె పేరిట మెడలో కట్టుకోవాలి. చచ్చేదాకా తీయకూడదు. కొత్తచీర కడితే ముందు కొంగు దానికి తాకించి కట్టుకోవాలి. పండుగనాడు మొదటి ముద్ద దాని పేరు చెప్పి పక్కన పెట్టాలి. మరిచిపోతే పోయినామెకు కోపమొస్తుంది, ఇంట్లో ఏదో ఒకటి అవుతుంది. భూదవ్వకు అది మొదటి నుంచీ విసుగే. తన పెళ్లినాడు కూడా తనకంటే ముందు ఈరవ్వకే బొట్టు పెట్టారు. ఇంత చిన్న బిళ్ల మెడలో ఇంత బరువేమిటని ఎన్నిసార్లు అనుకుందో. కోపం పట్టలేనప్పుడు, “ఏం అక్కా, నువ్వు సుఖంగ పోయి నన్ను ఇరికిచ్చినవ్” అని దానితోనే అంటుంది.

ఇప్పుడూ దారం ఎలుక నోటి నుంచి లాక్కుని, తడి కొంగుతో తుడిచి, అదే మాట అంది.

*

మరుసటి మోటరు వచ్చింది, పోయింది. యాకూబు కిందికి దిగనే లేదు, సీటు మీది నుంచే అరిచాడు: “దుర్గవ్వ అడుగుతున్నదే! ఏం చెప్పాలె?”

“వస్తున్ననని చెప్పు యాకూబన్నా! రేపో మాపో!”

ఆ రాత్రే మూట కట్టుకుంది. శొంఠి, వాము, నువ్వుల నూనె, పిల్లను చుట్టడానికి మెత్తబడ్డ పాత చీరలు.

ఆ తర్వాతి మోటరులో యాకూబు వెదురుబుట్ట తెచ్చి వసారాలో దించాడు. సికిందరాబాదు నుంచి రైలులో కామారెడ్డికి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది రెండో రాణి. తెల్లటి ఒళ్లు, ఒక కన్ను చుట్టూ నల్ల మచ్చ. భూదవ్వకు ఆ బుట్టను కళ్లకు అద్దుకోవాలనిపించింది.

“యాకూబన్నా, జెర ఆగు. నేను గూడ వస్త. గివాటిని కలిపి మూట తెచ్చుకుంట.”

“జెల్ది కానియ్.”

రాజమణమ్మ హారతి పళ్లెం పట్టుకు రావడమొకటే తక్కువ. “మెల్లగ పెట్టవే, బెదురుతది” అంది. భూదవ్వ బుట్ట మూత తీసి కొత్తదాన్ని రెండు చేతులా ఎత్తి రాజా పక్కన దించింది. రెండూ ఒకదాన్నొకటి వాసన చూసుకున్నాయి. భూదవ్వ మూట కోసం రెండడుగులు వేసిందో లేదో, వెనక పళ్లు పటపటలాడిన చప్పుడు. తిరిగి చూసేసరికి పెట్టెలో గడ్డి ఎగురుతోంది. రెండూ ఒక ముద్దై దొర్లుతున్నాయి. తెల్ల బొచ్చు కుచ్చులు కుచ్చులుగా పైకి లేస్తోంది. అన్ని రోజులూ మూలన కూర్చుని ప్రాణం విడిచేస్తానన్న రాజా, సాక్షాత్తూ పోలీసు అమీను సాబు లాగా మీద పడి కరుస్తున్నాడు.

“ఇడిపియ్యే, ఇడిపియ్యే!” అని రాజమణమ్మ కేకలు. భూదవ్వ చెయ్యి పెట్టింది. రెండింట్లో ఏది కరిచిందో గానీ చూపుడువేలు నుంచి రక్తం బొటబొటా కారింది. విడిపించి ఒకదాన్ని పెట్టెలోకి, ఒకదాన్ని బుట్టలోకి తోసేసరికి బయట మోటరు హారను మూడోసారి మోగి, దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఆ మోటరు చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా భూదవ్వ అట్లాగే నిలబడింది. రాజమణమ్మ పక్కన చేరి, “ఎందుకే గిట్ల? జోడు తెచ్చిస్తె సంబురపడక కొట్టుకునుడేంది?” అని కళ్లొత్తుకుంది.

భూదవ్వ వేలు నోట్లో పెట్టుకుని రక్తం పీల్చి పక్కకు ఉమ్మేసింది.

“ఎందుకేందమ్మా? పాత రాణికి పగ. దానికి చెప్పకుండ రెండో పెండ్లి చేస్తిమి. ఇగ కొత్తదానికి సవతి పుస్తె కట్టున్రి, అన్నీ సక్కగైతయ్!”

మండుకొచ్చి అన్న మాట. అని, గిరుక్కున తిరిగి గడ్డి ఊడ్చుకుంటూ పోయింది. ఆ మాట రాజమణమ్మ చెవిలో ఎట్లా దిగిందో ఆమె చూడలేదు.

చూడాల్సింది. మర్నాడు పొద్దున్నే సిద్దిరాములును రాజమణమ్మ పిలిచి వెండి పని చేసే అవుసులాయన ఇంటికి పంపింది. అతను తలకాయ వంచుకుని పోయాడు, ఇంకా వంచుకుని తిరిగొచ్చాడు. పెళ్లి నగలు చేయడానికి అవుసులాయన దోమకొండ పోయాడట, వారం దాకా రాడట.

“ఎవలకని అడిగింది ఆయన పెండ్లాం. ఏం చెప్పాలె నేను?” అన్నాడు భూదవ్వతో, పాకలోకి వచ్చి. “ఎలుకకని చెప్పాల్నా?”

“ఏంది ఎలుకకు?”

“సవతి పుస్తె. నువ్వే చెప్పినవట గద!”

భూదవ్వ తలమీద చెయ్యి పెట్టుకుంది. తన నోటికి తాళం వేసుకున్నా బాగుండేది. కానీ నవ్వు కూడా వచ్చింది. అవుసులాయన లేడు కాబట్టి ఆ పిచ్చి అక్కడితో ఆగిపోతుందనుకుంది.

ఆ మర్నాడు మోటరు వచ్చే రోజు. భూదవ్వ తెల్లవారకముందే రెండింటికీ వేరువేరుగా గడ్డి వేసి, నీళ్లు పెట్టి, దోసముక్కలు కోసి, మూట తెచ్చి వసారా స్తంభం పక్కన పెట్టుకుంది. ఏమైనా సరే ఇవాళ పోవాలి. మోటరు వచ్చి ప్రహరీ బయట ఆగింది. రాజమణమ్మ తలస్నానం చేసి, పసుపు కుంకుమ గిన్నె పట్టుకుని వచ్చింది. ముఖం ప్రసన్నంగా ఉంది.

“భూదవ్వా, రాత్రి నాకొక ఆలోచన వచ్చింది. నువ్వు ఇయ్యాల పోవచ్చు.”

“పోతనమ్మా!”

“పో. కానీ నీ మెడలది జెర ఇచ్చిపో. గా సవతి పుస్తె. అవుసులాయన వచ్చేదాకనే. కొత్త రాణికి కట్టి సూస్త. తగువు ఆగుతదేమో. మల్ల కొత్తది చేపిచ్చినంక నీది నీకిస్త, కడిగి.”

భూదవ్వ ముందు నవ్వింది. ఎగతాళి అనుకుంది. రాజమణమ్మ పసుపు గిన్నె అరుగు మీద పెట్టి, చెయ్యి చాపింది. అరచేయి తెరిచి ఉంది. ఆ చేయి ఎంతో మెత్తగా, ఎంతో మామూలుగా చాచి ఉంది, చెంబు ఇమ్మన్నట్టు.

భూదవ్వ చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది. బిళ్లను గుప్పిట్లో పట్టుకుంది. ఇన్నేళ్లూ దాన్ని తిట్టని రోజు లేదు. పెళ్లినాడు తన బొట్టు ఆపిందని తిట్టింది, పండుగనాడు తన ముద్ద తిన్నదని తిట్టింది. కానీ తిట్టడానికైనా ఆ ఇంట్లో ఆమెకున్నది ఈ ఈరవ్వ ఒక్కతే. తన బాధలన్నీ విన్న మనిషి. దుర్గవ్వను కని, ఆ పిల్ల మొహం కూడా సరిగా చూసుకోకుండా పోయిన మనిషి. ఆమెను తీసుకుపోయి ఎలుక మెడకు కట్టాలట. కడిగి ఇస్తుందట.

“ఇయ్యనమ్మా” అంది.

“ఏందే?”

“మా అక్క ఎలుక మెడల ఉండదు.”

గొంతు పెద్దగా లేదు. రాజమణమ్మకే నమ్మశక్యం కాలేదు. “నేనేమన్న ఊకెనె గుంజుకుంటున్ననా? నాలుగొద్దులకు అడిగిన. నీ మొగని నౌకరి...”

“నౌకరి మీ ఇష్టం.”

భూదవ్వ వంగి పెట్టెలో నుంచి రాజాను ఎత్తింది. అది అలవాటుగా ఆమె మెడ మీదికి పాకబోయింది. దాన్ని విడదీసి, రాజమణమ్మను భుజం పట్టి అరుగు మీద కూర్చోబెట్టి, ఆమె పట్టుచీర ఒళ్లో దించేసింది.

“అమ్మో! గీరుతదే! తీయవే!”

“గీరదు. బెదిరితెనే గీరుతది. చెవుల ఎనక రాయున్రి. దోసముక్కలు గిన్నెల ఉన్నయి. తెల్లదాన్ని మాత్రం దీని దగ్గరికి రానియ్యకున్రి, దేని గూడు దానిదే.”

రాజమణమ్మ రెండు చేతులూ గాలిలో ఎత్తి పట్టుకుని బిగుసుకుపోయి కూర్చుంది. ఎలుక ఆమె చీర కుచ్చిళ్లలో తల దూర్చుకుని వణుకుతోంది. “భూదవ్వా, అది ఇయ్యకుండ నిన్ను పొమ్మనలే! భూదవ్వా!” అని పిలుస్తూనే, అది పడిపోతుందేమోనని ఒక చెయ్యి మెల్లగా దాని వీపు మీద వేసింది. భూదవ్వ అంతవరకే చూసింది. మూట తీసుకుని గేటు దాటింది.

మోటరు దగ్గర సిద్దిరాములు ఎదురొచ్చాడు. కచేరీ మెట్ల మీది నుంచి లోపలి కేకలు విని పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, ఒగరుస్తున్నాడు.

“ఎటు? అమ్మ పిలుస్తుంటె ఎటు పోతున్నవ్? ఏమాయె? మల్ల ఏం నోరు జారినవ్?”

“అవుసులాయన లేడు గద. నా మెడలది ఇమ్మన్నది, ఎలుకకు కట్టనీకె.”

అతను ఏదో తిట్టబోయి ఆగిపోయాడు. ఆమె మెడ వైపు చూశాడు.

“ఈరవ్వనా?” అన్నాడు. ఆ పేరు అతని నోట విని ఎన్నేళ్లయిందో. “ఈరవ్వను ఇమ్మన్నదా?”

“ఇయ్యనన్న. నౌకరి మీ ఇష్టమన్న. నువ్వు కొడ్తె కొట్టు, గాని మోటరెక్కినంక కొట్టు.”

సిద్దిరాములు కచేరీ వైపు చూశాడు, మోటరు వైపు చూశాడు. పట్టా సర్దుకున్నాడు. తర్వాత ఆమె చేతిలో మూట లాక్కుని మోటరు కిటికీలో నుంచి లోపలికి వేశాడు.

“యాకూబు భాయ్, ఆడమనిషి వస్తున్నది, జాగ ఇయ్యి” అని, ఆమె వైపు చూడకుండా, “దుర్గికి నేను గూడ అడిగిన్నని చెప్పు” అన్నాడు.

*

కామారెడ్డిలో దిగేసరికి పొద్దు వాలుతోంది. మోటరు గంగమ్మ వాగు దగ్గర ఒకసారి, ఎత్తు ఎక్కే చడావులో ఒకసారి ఆగింది. ఆగినప్పుడల్లా భూదవ్వ దిగి యాకూబును తిట్టింది, ఇంజన్ను తిట్టింది, యుద్ధాన్ని తిట్టింది. దారంతా ఒక అబద్ధం కూడా తయారుచేసుకుంది. జ్వరమొచ్చి పడుకున్నాను, లేకపోతే ఎప్పుడో వచ్చేదాన్ననాలి. జ్వరమైతే ఎవరికీ ఎగతాళిగా ఉండదు.

రైసుమిల్లు వెనక సందులో, ఊక దుమ్ము పట్టిన ఇంటి ముందు దుర్గవ్వ అత్త ఎంకవ్వ నిలబడి ఉంది. భూదవ్వను చూడగానే గుండె మీద చెయ్యి వేసుకుంది.

“వచ్చినవా వదినే! పొద్దు మీదికెక్కినప్పటి సంది నొప్పులు. మంత్రసాని లోపటున్నది. పిల్ల ఎవ్వల మాట ఇంటలేదు. ఎవ్వల్ని ముట్టనిస్తలేదు.”

లోపల దూలానికి కట్టిన తాడు పట్టుకుని, గోడకు ఆనుకుని దుర్గవ్వ కూర్చుంది. నుదుటికి వెంట్రుకలు అంటుకుపోయి ఉన్నాయి. భూదవ్వ గడప దగ్గరే ఆగింది. ఇప్పుడు కూడా ఆ పిల్ల మర్యాదగా, “ఎందుకొచ్చినవ్, నీకు తకలీబు” అంటుందేమోనని భయమేసింది.

దుర్గవ్వ తలెత్తి చూసింది. నొప్పి ఒకటి వచ్చి పోయేదాకా పళ్లు బిగబట్టింది. పోగానే ఒక్కసారి విరుచుకుపడింది.

“గిప్పుడా వచ్చుడు? ప్రతి మోటరుకు ఎదురుసూసి ఎదురుసూసి కండ్లు కాయలు కాసినయ్ నాకు! వస్త వస్త అని ఆ యాకూబుతోని చెప్పి పంపుడేనా? గంత పెద్ద పనేం పడ్డది నీకు?”

జ్వరం అనబోయింది భూదవ్వ. నోరు ఇంకేదో అంది.

“ఎలుక కాడ కూసున్న బిడ్డా.”

“ఎలుక కాడనా?”

“పేష్కారమ్మ ఎలుక. దాని జోడు సచ్చిపోయింది. నా చేతులనే తింటుండె. అందుకని ఇడువలే.”

మంత్రసాని ముక్కు మీద వేలేసుకుంది. దుర్గవ్వ ముఖం ఎర్రబడింది. తాడు వదిలేసి నేల మీద చరిచింది.

“అంటె నాకంటె ఎలుకనె ఎక్కువైందా నీకు? దానికి తినపెట్టుకుంట, దాన్ని ఒళ్లె పండవెట్టుకుంట ఆడ కూసున్నవా? నేనీడ సస్తున్ననో బతికున్ననో సూడొద్దా? నీ కాళ్లేమన్న కట్టేసిన్రా ఆల్లు?” అంటూ బిగ్గరగా, చిన్నపిల్లలా ఏడ్చేసింది. “నాకు భయమైతుందే. మా అవ్వ గిట్లనే పోయిందట గద. నువ్వన్న ఉంటవనుకున్న. నువ్వు పోయి ఎలుక కాడ...”

ఇన్నేళ్లలో ఆ పిల్ల ఆమె మీద ఒక్కసారి కోపం చేయలేదు. ఒక్కసారి ఇది నాకు కావాలి, ఎందుకు ఇవ్వలేదని అడగలేదు. ఇప్పుడు ఎలుకను చూసి కుళ్లుకుంటోంది. ఇంత సంతోషం ఏం చేసుకోవాలో భూదవ్వకు తెలియక, అది బయట పడితే పిల్ల మళ్లీ బుద్ధిమంతురాలైపోతుందేమోనని భయపడి, ఉన్న విసుగంతా గొంతులోకి తెచ్చుకుంది.

“ఆపు ఇగ నీ లొల్లి! ఇడిచిపెట్టే వచ్చిన గద. వదినే, నీళ్లు కాగినయా? గా దీపం ఇటు తే. ఏందే పిల్లా, నీ నడుముకు గా గోడ ఎందుకు? ఇటు జరుగు, నా మీద ఒరుగు.”

“నేనెందుకొరుగుత? పో, నీ ఎలుక కాడికే పో!” అంటూనే దుర్గవ్వ వెనక్కి వాలి, తన బరువంతా ఆమె మీద వేసేసింది.